శని, ఆదివారాల్లో ఆస్ట్రేలియా: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

విజయవాడ, గుంటూరుల నుంచి ఆస్ట్రేలియా వెళ్లిన విద్యార్థులు, ఇక్కడ ఉన్న వారి తల్లిదండ్రులు ఈ శీర్షికకు రాసిన ఉత్తరాలలో ఈసారి వీసా, ఫీజుల ప్రశ్నలకన్నా సెలవు రోజుల గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. క్లాసులు, షిఫ్టులు పోగా మిగిలిన శని, ఆదివారాల్లో ఎక్కడికి వెళ్లాలి, ఎంత ఖర్చు పెట్టవచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నవే వాటిలో ముఖ్యమైనవి. మెల్‌బోర్న్‌లో చదువుకుని, కొంతకాలం అక్కడే ఉద్యోగం చేసి, ఇప్పుడు విజయవాడలో స్థిరపడిన వ్యక్తిగా నాకు తెలిసినవి రాస్తున్నాను. ఒకే విషయంపై వచ్చిన ఉత్తరాలను కలిపి, పేర్లు తీసివేసి ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోనుతో పంపించాము. వాడేమో ప్రతి వారం ఏదో ఒక ఊళ్లోనో, బీచ్‌లోనో దిగిన ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నాడు. చదువుకోవడానికి వెళ్లాడా, తిరగడానికి వెళ్లాడా అని బంధువులు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. గట్టిగా మందలించమంటారా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఇల్లు తాకట్టులో ఉన్నప్పుడు ఆ ఫోటోలు మనసును కలవరపెట్టడం సహజమే. అయితే మందలించే ముందు ఆ ఫోటో కోసం మీవాడు ఎంత ఖర్చు పెట్టాడో నెమ్మదిగా అడగండి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2023 మార్చి 31 నుంచి, రాష్ట్రంలో ఎంత దూరపు ఊరికి రైల్లో వెళ్లినా ఆ రోజు టికెట్టు ఖర్చు నగరంలో రోజంతా తిరిగేందుకు అయ్యే గరిష్ఠ ఛార్జీని మించకుండా నియమం పెట్టారు. శని, ఆదివారాల్లో ఆ గరిష్ఠ ఛార్జీ మామూలు రోజులకన్నా ఇంకా తక్కువగా, 10 డాలర్ల లోపే ఉంటుంది. అంటే ఉదయం సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కి, 100 కిలోమీటర్లు దాటి ఉన్న బల్లరాట్‌కో, 150 కిలోమీటర్ల దూరంలోని బెండిగోకో వెళ్లి, ఇంట్లో కట్టుకున్న అన్నం అక్కడ పార్కులో తిని, సాయంత్రానికి తిరిగి వచ్చిన పిల్లవాడు హోటల్లో ఒక పూట భోజనానికయ్యే డబ్బు కూడా ఖర్చు పెట్టి ఉండడు.

నగరం దాటకపోయినా చూడదగినవి చాలా ఉన్నాయి. మెల్‌బోర్న్ నడిబొడ్డున కొంత మేర ట్రామ్ ప్రయాణం అందరికీ ఉచితం. విక్టోరియా స్టేట్ లైబ్రరీకి టికెట్టు లేదు. అందులో 1913లో తెరిచిన గుమ్మటం కింద, ఎనిమిది పలకల విశాలమైన పఠన మందిరంలో ఎవరైనా వెళ్లి కూర్చుని చదువుకోవచ్చు. నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలోని శాశ్వత ప్రదర్శనలకు, రాయల్ బొటానిక్ గార్డెన్స్‌కు కూడా రుసుము లేదు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టే మన పిల్లలు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ చూడకుండా ఎలా ఉండగలరు? 2024 డిసెంబరు 28, శనివారం నాడు, తండ్రి గ్యాలరీలో కూర్చుని చూస్తుండగా విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి తన తొలి టెస్టు శతకం చేసింది ఆ మైదానంలోనే.

ఖర్చు సంగతి అటుంచి, తిరగడం వల్ల ప్రయోజనం ఏమిటని కూడా మీరు అడగవచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టార్నీట్ వంటి శివారులో, మన జిల్లాల వాళ్లతోనే ఒక ఇంట్లో ఉంటూ, యూనివర్సిటీకీ, పని చేసే గోదాముకూ, గదికీ మధ్యే తిరిగే విద్యార్థి నెలలు గడిచినా ఆ దేశాన్ని చూసినట్టు కాదు. ఇంటర్వ్యూలో గానీ, ఆఫీసులో తోటివారితో గానీ నాలుగు మాటలు కలపడానికి అతనికి ఏమీ ఉండదు. బల్లరాట్ వెళ్లినవాడికి 1851లో అక్కడ బంగారం దొరికి ఊరు పుట్టుకొచ్చిన సంగతీ, లైసెన్సు రుసుములను భరించలేక 1854లో గని కార్మికులు యురేకా స్టాకేడ్ దగ్గర తిరగబడిన సంగతీ తెలుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. వలస నిబంధనల ప్రకారం సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలు తప్ప మిగిలిన ప్రాంతాలన్నిటినీ ‘రీజనల్’గా లెక్కిస్తారు. అలాంటి చోట చదివి, అక్కడే నివసించిన వారికి చదువు తరువాత ఎక్కువ కాలం ఉండి పనిచేసే అవకాశం ఉంటుంది. జీలాంగ్, బల్లరాట్, బెండిగో వంటి ఊళ్లు ఎలా ఉంటాయో కళ్లారా చూసి వచ్చిన పిల్లవాడు రేపు ఎక్కడ స్థిరపడాలన్న నిర్ణయాన్ని కన్సల్టెన్సీ వాళ్ల మాటల మీద కాకుండా తన అనుభవం మీద తీసుకోగలుగుతాడు.

మీరు నిజంగా గట్టిగా మాట్లాడవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. అసైన్‌మెంట్లు ఆలస్యమవుతున్నా, ఏ సబ్జెక్టయినా తప్పినా, ప్రతి వారం కారు అద్దెకు తీసుకుంటున్నా, క్రెడిట్ కార్డు మీదో వాయిదాల మీదో విమానం టికెట్లు కొంటున్నా అప్పుడు తప్పకుండా అడగండి. అవేవీ లేకపోతే, రెండు వారాలకు ఒక రోజు బయటికి వెళ్లి రావడాన్ని నేను చదువులో భాగంగానే చూస్తాను. బంధువులకు కూడా అదే చెప్పండి. మీవాడు రాత్రి షిఫ్టు ముగించుకుని చలిలో బస్సు కోసం నిలబడిన ఫోటో వాళ్ల కంట పడదు కదా.

ప్రశ్న: శని, ఆదివారాల్లో పని చేస్తే గంటకు ఎక్కువ జీతం వస్తుంది. ఊళ్లు చూడటానికి వెళితే ఆ డబ్బు వదులుకోవాలి. వారానికి 24 గంటలే పని చేయాలని ఒకరు, అలా కాదని మరొకరు చెబుతున్నారు. వివరించగలరా?
— మెల్‌బోర్న్‌లో చదువుతున్న విద్యార్థి; స్వస్థలం భవానీపురం, విజయవాడ

జవాబు: నిబంధన వారానికి కాదు, రెండు వారాలకు. 2023 జూలై 1 నుంచి స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో 14 రోజుల్లో 48 గంటలకు మించి పని చేయకూడదు. చాలామంది పొరబడేది ఆ 14 రోజులను లెక్కపెట్టడంలోనే. ప్రతి సోమవారంతోనూ ఒక కొత్త 14 రోజుల లెక్క మొదలవుతుంది. మీరు మొదటి వారం 20 గంటలు, రెండో వారం 28 గంటలు పని చేస్తే మొత్తం 48 అవుతుంది కాబట్టి తప్పు లేదు. మూడో వారం 22 గంటలు పని చేస్తే మాత్రం రెండో వారం, మూడో వారం కలిపి 50 గంటలవుతుంది, నిబంధన దాటినట్టే. రెండు చోట్ల పని చేసేవారు ఆ రెండు చోట్ల గంటలనూ కలిపి లెక్క వేసుకోవాలి. కోర్సు సెలవుల్లో మాత్రం ఈ పరిమితి ఉండదు.

గంటలకు ఇలా పరిమితి ఉన్నప్పుడు ఎక్కువ జీతం వచ్చే గంటలను ఎంచుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. 2025 జూలై 1 నుంచి అక్కడి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. సాధారణ రిటైల్ దుకాణాల్లో వయోజనులైన క్యాజువల్ (శాశ్వత ఉద్యోగం కాకుండా గంటల లెక్కన పనిచేసే) ఉద్యోగులకు మామూలు వారపు రోజుల్లో మూల వేతనంలో 125 శాతం, శనివారం 150 శాతం, ఆదివారం 175 శాతం చెల్లించాలి. కాబట్టి ఆదివారం షిఫ్టు దొరికితే వదులుకోవద్దు. మాస్టర్స్ విద్యార్థులలో చాలామందికి క్లాసులు వారంలో రెండు, మూడు రోజులే ఉంటాయి. ఆదివారం పని చేసి, క్లాసు లేని మంగళవారమో బుధవారమో బయటికి వెళ్లండి. రైలు ఛార్జీ కొద్దిగా పెరిగినా ఎక్కడా రద్దీ ఉండదు. స్నేహితులతో కలిసి వెళ్లాలనుకుంటే శనివారం తిరిగి, ఆదివారం పనికి వెళ్లండి. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా ప్రయాణం పెట్టుకోవడం మాత్రం వద్దు. అది ఎందుకో కారు ప్రశ్నకు సమాధానంలో రాశాను.

ఇక నగదు చేతిలో పెట్టి, కనీస వేతనంలో సగం ఇచ్చే చోట పని చేయకండి. వీసా మీద ఉన్నవారికి కూడా అక్కడి పౌరులతో సమానంగా వేతన హక్కులు ఉన్నాయి. ఉద్యోగుల హక్కులను చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు మీరు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి ఈత బాగా వచ్చు. బందరు కాలువలో, కృష్ణలో ఈదినవాడు. సిడ్నీలో స్నేహితులతో తరచుగా బీచ్‌లకు వెళుతున్నాడు. అక్కడ మన పిల్లలు మునిగిపోయిన వార్తలు చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు. నా భయం అతి అంటారా?
— ఒక తండ్రి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అతి కాదు. ఈ సమాధానాన్ని ఫోటో తీసి మీ అబ్బాయికి పంపమని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఈత వచ్చునన్న ధైర్యమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. కాలువలో నీరు ఒకే దిక్కుకు పోతుంది, గట్టు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది. ఆస్ట్రేలియా సముద్రతీరంలో, ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఏదో ఒక చోట పాయగా చేరి, వేగంగా తిరిగి లోపలికి పోతుంది. దానిని ‘రిప్’ అంటారు. ఆ దేశపు తీరాల్లో అత్యంత ప్రమాదకరమైనది అదే.

రిప్ ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలి. ఒడ్డున కాస్త ఎత్తు మీద నిలబడి చూస్తే, రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ ఉంటాయి. మధ్యలో ఒక పట్టీలో మాత్రం అలలు విరగవు. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి నీరు ముదురు రంగులో ఉంటుంది, లేదా ఇసుక కలిసి మట్టి రంగులో ఉంటుంది. పైకి మాత్రం చాలా ప్రశాంతంగా కనిపిస్తుంది. సూర్యలంకలో మోకాలి లోతులో నిలబడి అలలను చూసి భయపడే అలవాటున్న మనవాళ్లు, అల లేని చోటు క్షేమమని అనుకుని సరిగ్గా ఆ పట్టీలోకే దిగుతారు. దిగిన కొన్ని నిమిషాల్లోనే కాళ్లకు నేల అందదు. ఒడ్డు వైపు ఎంత బలంగా ఈదినా ముందుకు రాలేరు, అలసిపోతారు, అలసిపోయాక మునిగిపోతారు.

అందుకే అక్కడ పాటించవలసిన మొదటి నియమం చాలా సరళంగా ఉంటుంది. లైఫ్‌గార్డులు ఇసుకలో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంచుతారు. ఆ రెండు జెండాల మధ్య మాత్రమే నీళ్లలోకి దిగాలి. జెండాలు లేవంటే కాపలా లేదని అర్థం, అప్పుడు దిగకూడదు. 2024 జనవరిలో విక్టోరియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో, ఫారెస్ట్ కేవ్స్ అనే కాపలా లేని బీచ్‌లో భారతీయ మూలాలున్న నలుగురు ఒకే రోజు ప్రాణాలు కోల్పోయారు. ఏ బీచ్‌లో ఏ రోజు కాపలా ఉందో ‘బీచ్‌సేఫ్’ అనే యాప్‌లో చూసుకోవచ్చు. చలికాలంలో చాలా బీచ్‌లలో కాపలా ఉండదు.

ఒకవేళ రిప్‌లో చిక్కుకుంటే ప్రవాహానికి ఎదురు ఈదకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, చేయి పైకెత్తి సాయం కోసం పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదాలి. ఒడ్డున ఉన్న స్నేహితులకు ఇది మరీ ముఖ్యం: మునుగుతున్నవాడిని చూసి ఉత్తచేతులతో దూకవద్దు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన ఉదంతాలు మన కృష్ణా తీరంలో కూడా ఉన్నాయి. తేలే వస్తువు ఏది దొరికితే అది, బంతో, ఖాళీ డబ్బానో, ఐస్‌బాక్సు మూతో విసిరి, లైఫ్‌గార్డును పిలిచి, వెంటనే అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. జలపాతాల కింది మడుగులకు, సముద్రపు బండరాళ్లకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అక్కడ జెండాలూ ఉండవు, లైఫ్‌గార్డులూ ఉండరు. వేసవిలో కూడా మడుగుల నీరు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉండవచ్చు.

ప్రశ్న: నేను సిడ్నీలో చదువుతున్నాను. కారు లేదు, ఒంటరిగా దూరం వెళ్లవద్దని అమ్మానాన్నలు అంటారు. రైల్లో వెళ్లి ఒక్క రోజులో తిరిగి రాగలిగే చోట్లు చెప్పగలరా?
— ఒక విద్యార్థిని. స్వస్థలం పటమట, విజయవాడ

జవాబు: కారు లేని విద్యార్థులకు సిడ్నీ చాలా అనుకూలమైన నగరం. అక్కడి ప్రజా రవాణాకు వాడే ఓపల్ కార్డు మీద శుక్ర, శని, ఆదివారాల్లో రోజువారీ గరిష్ఠ ఛార్జీ మిగిలిన రోజులలో ఉండేదానిలో సగమే. రైలు, బస్సు, ప్రభుత్వ ఫెర్రీ అన్నీ దానిలోకే వస్తాయి. మొదటిసారి సర్క్యులర్ కీ నుంచి మ్యాన్లీకి ఫెర్రీ ఎక్కండి. అరగంట ప్రయాణంలో ఒక పక్క 1973లో తెరిచిన ఒపేరా హౌస్, వెనుక 1932 నాటి హార్బర్ బ్రిడ్జి కనిపిస్తాయి. అక్కడే తిరిగే ప్రైవేటు ఫెర్రీలకు ఆ గరిష్ఠ ఛార్జీ వర్తించదు కనుక ఎక్కే ముందు చూసుకోండి. బ్రిడ్జి పైకి ఎక్కించే యాత్రకు చాలా ఖర్చవుతుంది కానీ, తూర్పు వైపు కాలిబాట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి ఏమీ చెల్లించనక్కరలేదు.

ఒక పూర్తి రోజు దొరికితే బ్లూ మౌంటెన్స్ చూడండి. సెంట్రల్ స్టేషన్ నుంచి కటూంబాకు సుమారు 2 గంటల ప్రయాణం, అది కూడా ఓపల్ పరిధిలోనే ఉంది. స్టేషన్ నుంచి ఎకో పాయింట్ వరకు అరగంట నడిస్తే లోయ అంచున నిలబడిన త్రీ సిస్టర్స్ శిలలు ఎదురవుతాయి. లోయ నిండా నీలగిరి చెట్లే. వాటి ఆకుల నుంచి గాలిలో కలిసే నూనె తుంపరల వల్లనే దూరపు కొండలన్నీ నీలంగా కనిపిస్తాయని చెబుతారు. 2000 సంవత్సరంలో ఈ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కటూంబా సముద్రమట్టానికి 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి సిడ్నీలో ఎండగా ఉన్నా స్వెట్టరు తీసుకెళ్లండి. అక్కడి నుంచి లోయలోకి దిగే జెయింట్ స్టెయిర్‌వేలో 900కు పైగా మెట్లున్నాయి. దిగడం తేలికే, తిరిగి ఎక్కడానికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో ఉంచుకోండి. జూన్, జూలైలలో సాయంత్రం 5 గంటలకే చీకటి పడుతుంది.

మీ అమ్మానాన్నలు నిశ్చింతగా ఉండాలంటే మొదట్లో యూనివర్సిటీలోని బుష్‌వాకింగ్ (అడవి దారుల్లో నడిచే) క్లబ్బుతో వెళ్లండి. ఫోన్‌లో ‘ఎమర్జెన్సీ ప్లస్’ యాప్ పెట్టుకోండి. 000కు ఫోన్ చేసినప్పుడు మీరు ఉన్న చోటును కచ్చితంగా చెప్పడానికి అది ఉపయోగపడుతుంది. లోయ దారుల్లో ఫోన్ సిగ్నల్ అందదు. అలాంటి దారుల్లో నడిచేవారికి అత్యవసర సంకేతం పంపే పరికరాన్ని బ్లూ మౌంటెన్స్‌లో ఉచితంగానే ఇచ్చి పంపుతారు, అడిగి తీసుకోండి. శని, ఆదివారాల్లో పట్టాల మరమ్మతుల వల్ల కొన్ని మార్గాల్లో రైళ్లు ఆపి బస్సులు నడుపుతుంటారు. బయలుదేరే ముందు రోజు రాత్రే ఆ వివరం చూసుకోకపోతే సగం రోజు దారిలోనే గడిచిపోతుంది.

ప్రశ్న: నలుగురం స్నేహితులం కారు అద్దెకు తీసుకుని శుక్రవారం రాత్రి షిఫ్టు అయ్యాక మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్డుకు బయలుదేరాలనుకుంటున్నాము. నాకు ఇండియా లైసెన్సు ఉంది. ఏమేం చూసుకోవాలి?
— ఒక విద్యార్థి. స్వస్థలం పట్టాభిపురం, గుంటూరు

జవాబు: శుక్రవారం రాత్రి బయలుదేరవద్దు. ఇంతకన్నా ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు. మెల్‌బోర్న్ నుంచి తీరం వెంట ట్వెల్వ్ అపోజిల్స్ అనే సముద్రపు శిలా స్తంభాల వరకు ఉన్న దూరం దాదాపు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఉన్నంత. కానీ ఆ దారిలో చాలా భాగం, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం ఉన్న ఇరుకైన మలుపుల రోడ్డు. రాత్రంతా పెట్టెలు మోసి వచ్చినవాడు ఆ మలుపుల్లో స్టీరింగ్ పట్టడం, వెనుక ముగ్గురు నిద్రపోతూ ఉండటం తలుచుకుంటేనే నాకు గుండె దడ పుడుతుంది. తెల్లవారుజామున, సంధ్యవేళల్లో కంగారూలు హఠాత్తుగా రోడ్డు మీదికి దూకుతాయి. శనివారం బాగా నిద్రపోయి లేచి, ఉదయం బయలుదేరి, అపోలో బేలోనో పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనో రాత్రి బస చేసి, ఆదివారం తీరిగ్గా తిరిగి రండి. నలుగురు పంచుకుంటే బస ఖర్చు భారం కాదు. రెండు గంటలకు ఒకసారి తప్పనిసరిగా ఆగండి.

లైసెన్సు విషయానికి వస్తే, విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలలో తాత్కాలిక వీసా మీద నివసించేవారు విదేశీ లైసెన్సుతో 6 నెలల వరకే నడపవచ్చు. ఆ తరువాత ఆ రాష్ట్రపు లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడి రవాణా శాఖ కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను బయలుదేరే ముందే తీసుకుని ఉంటే మంచిది. అద్దె ఒప్పందంలో పేరున్నవారే కారు నడపాలి. అలసిపోయానని స్నేహితుడికి స్టీరింగ్ ఇస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించదు. అక్కడ కూడా ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకు కొత్తగా ఉండదు. కొత్తగా అనిపించేది వేగ పరిమితి. ఊళ్లలో బోర్డు లేని చోట 50, ఊరి బయట 100 కిలోమీటర్లే. కాస్త మించినా కెమెరా పట్టుకుంటుంది, జరిమానా ఒక వారం సంపాదనను మింగేయగలదు.

ఆ రోడ్డు గురించి ఒక మాట తెలుసుకుని వెళ్లండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు, చనిపోయిన తమ సహచరుల స్మారకంగా 1919 నుంచి 1932 వరకు చేత్తో పట్టే పనిముట్లతో కొండను తొలిచి వేసిన రోడ్డు అది. తీరంలోని సున్నపురాయి స్తంభాలను సముద్రం ఇప్పటికీ కోస్తూనే ఉంది. 1990లో లండన్ బ్రిడ్జి అనే సహజ వంతెన ఒక భాగం కూలి ఇద్దరు పర్యాటకులు అవతలి ముక్క మీద చిక్కుకుపోతే హెలికాప్టరులో దించవలసి వచ్చింది. 2005లో అపోజిల్స్‌లో ఒక స్తంభం చూస్తుండగానే కుప్పకూలింది. సెల్ఫీ కోసం కంచె దాటవద్దని అంటున్నది అందుకే.

ప్రశ్న: ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లను చూడటానికి అంత టికెట్టు పెట్టడం అవసరమా? ఫోటోలు కూడా తీయనివ్వరట.
— ఒక విద్యార్థిని. స్వస్థలం అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఏడాదికి ఒక్కసారి డబ్బు పెట్టి చూడదగినది ఏదని అడిగితే నేను దీనినే చెబుతాను. ఈ పెంగ్విన్లు జానెడున్నర పొడవు కూడా ఉండవు, బరువు ఒక కిలో. పొద్దు గూకాక పది, పదిహేను కలిసి అలలోంచి బయటికి వచ్చి, నీటి అంచున ఆగి అటూ ఇటూ చూస్తాయి. ఒకటి బెదిరి వెనక్కి పరుగెత్తితే అన్నీ మళ్లీ నీళ్లలోకి పోతాయి. మళ్లీ వస్తాయి. చివరికి ధైర్యం చేసి ఇసుకను అడ్డంగా దాటి, మనం నిలబడిన చెక్క బాట పక్కనుంచే తమ గూళ్లకు నడుచుకుంటూ పోతాయి. వాటి కళ్లకు వెలుగు హాని చేస్తుంది కాబట్టే కెమెరాలు నిషేధించారు, అది నాకు న్యాయంగానే తోస్తుంది. వాటి గూళ్ల చోటును కాపాడటానికి ప్రభుత్వం అక్కడి ఒక కాలనీ మొత్తాన్ని ఏళ్ల తరబడి కొనుగోలు చేసి, 2010 నాటికి ఇళ్లన్నీ తొలగించింది. మెల్‌బోర్న్ నుంచి 140 కిలోమీటర్లు, రాత్రి తిరిగి రావడానికి రైలు ఉండదు. చలికాలంలో పెంగ్విన్లు త్వరగా వస్తాయి కాబట్టి ఇల్లు చేరడం సులభం. వేసవిలో రాత్రి 9 గంటలు దాటుతుంది.

ప్రశ్న: మేము గుంటూరు ఎండల్లో పెరిగినవాళ్లం. అక్కడ 25 డిగ్రీలకే సన్‌స్క్రీన్ రాసుకోమంటారు. మాకు అవసరమా?
— ఒక విద్యార్థి. స్వస్థలం లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అవసరమే. చర్మాన్ని కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. చల్లగా ఉన్న రోజున కూడా అవి తీవ్రంగా ఉండవచ్చు. వాతావరణ సూచనలో యూవీ సూచిక 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ తప్పనిసరి. చామనఛాయవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ప్రశ్న: బయటికి వెళ్లినప్పుడు శాకాహారులకు తిండి ఎలా?
— పలువురు పాఠకులు

జవాబు: పులిహోర కలుపుకుని వెళ్లండి, సాయంత్రం వరకు పాడవదు. కుళాయి నీరు తాగవచ్చు కాబట్టి సీసా ఒకటి ఉంటే చాలు. చాలా పార్కుల్లో ఎవరైనా ఉచితంగా వాడుకోగల విద్యుత్ పొయ్యిలు ఉంటాయి. వాడిన తరువాత తుడిచి రావాలి. వేసవిలో ‘టోటల్ ఫైర్ బ్యాన్’ ప్రకటించిన రోజున బయట మంట వెలిగించడం నేరం. సిడ్నీలో ఉన్నవారు నగరానికి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో 1985లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరస్వామి గుడికి వెళితే, శని, ఆదివారాల్లో క్యాంటీన్‌లో దోసెలు కూడా దొరుకుతాయి. మెల్‌బోర్న్‌వారికి క్యారమ్ డౌన్స్‌లో శివ విష్ణు ఆలయం ఉంది.

ప్రశ్న: ఊరు దాటి వెళ్లినప్పుడు అమ్మాయి ఫోన్ కలవకపోతే కంగారు పడుతున్నాము. ఏ సమయానికి ఫోన్ చేయాలి?
— ఒక దంపతులు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలు మనకన్నా 4.30 గంటలు ముందుంటాయి. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి 5.30 గంటల తేడా వస్తుంది. బ్రిస్బేన్‌లో అలా జరపరు, ఏడాది పొడవునా 4.30 గంటలే. పెర్త్ 2.30 గంటలు ముందుంటుంది. మీరు భోజనాలయ్యాక రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తే మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి ఒకటిన్నర, లేదా రెండున్నర అవుతుంది. మధ్యాహ్నం 3 గంటలకు చేయండి, అక్కడ రాత్రి ఏడున్నర, లేదా ఎనిమిదిన్నర అవుతుంది కాబట్టి అమ్మాయి ఇల్లు చేరి ఉంటుంది. ఊరు దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్ కలవనంత మాత్రాన కీడు జరిగినట్టు కాదు. బయలుదేరే ముందు ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తుందో ఒక సందేశం పెట్టమనండి. ఆ సమయం దాటి గంటన్నా అయ్యాకే విచారించండి, అప్పుడు కూడా ముందుగా ఆమె గదిలో ఉండే స్నేహితురాలికి ఫోన్ చేయండి. ఆ నంబరు మీ దగ్గర లేకపోతే ఈ ఆదివారమే అడిగి రాసి పెట్టుకోండి.